స్థూలకాయులైన తల్లిదండ్రులకు ఏ కానుక మేలు?

తల్లి షష్టిపూర్తికి బరువుతూచే యంత్రం కొనవచ్చునా అని కొందరు నన్నడుగుతుంటారు. వద్దంటాను. చరకసంహిత అతిస్థూలుని ఎనిమిదిమంది నిందితులలో చేర్చింది. కాని నింద చికిత్స కాదు.

మెత్తని అడుగు, మడమపట్టీ గల పాదరక్షలు కొనండి. పాదాలు కొంత ఉబ్బే సాయంవేళ వారిచేతనే తొడిగించి చూడండి. రెండవది ఉలవపిండి. పొడినలుగు కఫమేదోహరమని వాగ్భటుడు చెప్పాడు. అయినా అది నడకకు తోడే గాని బదులు కాదు.

అన్నిటికన్న విలువైన కానుక మీ సాంగత్యం. ఉదయం పది నిమిషాలు వారి అడుగుతో మీ అడుగు కలపండి. వారానికి ఐదేసి నిమిషాలు పెంచుతూ అరగంటకు చేర్చండి. వ్యాయామం అర్ధశక్తికే విహితం. నుదుట చెమర్చి, నోరు ఎండుతూనే ఆపాలి. గుండెజబ్బు, రక్తపుపోటు, మధుమేహం, మోకాలినొప్పి కలవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.