ఆట ఆడారు... పని అయిపోయింది!

నాట్ల వేళ పాట అందుకున్న కూలీలకు గెనిమ ఎప్పుడు వచ్చిందో తెలియదు. పాట లేని మడిలో నడుం నొప్పి రెండింతలు. వేరుశనగ విత్తనాలు ఒలిచే రాత్రుల్లోనూ అంతే. ఎవరి శేరు ముందు నిండుతుందో చూద్దామని ఒక అవ్వ పందెం వేస్తే చాలు, నిద్రకు తూగే పిల్లలు కూడా లేచి కూర్చుంటారు. పనిలో ఆట కలిస్తే మనిషి అలుపు మరుస్తాడన్నది పల్లెల్లో పాత సంగతే. ఈ కిటుకునే పట్టుకొని కొందరు శాస్త్రజ్ఞులు కంప్యూటర్లకు చేతకాని పనులను వేలాది మందితో, పైసా కూలి లేకుండా చేయించారు. అందులో మెచ్చుకోవలసిందీ ఉంది, జాగ్రత్త పడవలసిందీ ఉంది.

మాట కలిస్తే పాయింటు

ఇరవై ఏళ్ల కిందట కంప్యూటరుకు ఒక ఫోటో చూపిస్తే అందులో ఉన్నది ఆవో, గేదో చెప్పలేకపోయేది. ఫోటోలను వెతికి తీయాలంటే ఒక్కొక్క దానికి ఎవరో ఒకరు పేరు రాసి పెట్టాలి. ఫోటోలా, కోట్లలో ఉన్నాయి. అంతమందికి కూలి ఎవరిస్తారు?

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఉంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్న రాజ్ రెడ్డి 1969లో చేరిన విద్యాలయం అదే. గ్వాటెమాలా దేశం నుంచి అక్కడికి చదువుకు వచ్చిన లూయిస్ వాన్ ఆన్ 2003లో ఒక ఆట తయారుచేశాడు. దాని పేరు ఇ.ఎస్.పి. ఆట.

ముక్కూ మొహమూ తెలియని ఇద్దరిని కంప్యూటరు జత కడుతుంది. ఒకరితో ఒకరు మాట్లాడడానికి లేదు. ఇద్దరికీ ఒకే ఫోటో కనిపిస్తుంది. అవతలివాడు ఏ మాట రాస్తాడో ఊహించి రాయాలి. ఇద్దరి మాటా కలిస్తే పాయింట్లు, వెంటనే మరో ఫోటో. రెండున్నర నిమిషాల్లో 15 ఫోటోలు పూర్తిచేయాలి.

ఇక్కడే ఉంది తెలివి. ఎరగని ఇద్దరు విడివిడిగా 'ఎద్దు' అన్నారంటే అది ఎద్దే అయ్యుంటుంది. వేరే సాక్ష్యం అక్కరలేదు. ఒకసారి దొరికిన మాటను తరువాతి జతలు వాడకూడదని నిషేధం పెట్టారు. కనుక వాళ్లు 'బండి', 'కాడి' అంటూ కొత్త మాటలు వెతకవలసిందే.

నాలుగు నెలల్లో 13,630 మంది ఆడి, 2,93,760 ఫోటోలకు 12 లక్షలకు పైగా మాటలు రాసిపెట్టారు. వారిలో 33 మంది ఒక్కొక్కరు 50 గంటలకు పైగా ఆడారు. గూగుల్ సంస్థ 2006లో ఈ ఆటను తీసుకొని 2011 వరకు నడిపింది.

మూడు వారాల్లో తేలిన చిక్కు

2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు 'ఫోల్డిట్' అనే మరో ఆట తెచ్చారు. మన ఒంట్లోని ప్రోటీన్లు దారపు ఉండలా మడతలు పడి ఉంటాయి. ఆ మడత ఎలా ఉందో తెలిస్తే జబ్బుకు మందు వెతకడం తేలిక. ఆటగాడు తెర మీద ఆ దారాన్ని మెలితిప్పుతూ పోవాలి. మడత సరిగ్గా కుదిరేకొద్దీ పాయింట్లు పెరుగుతాయి.

కోతులకు ఎయిడ్స్ వంటి జబ్బు తెచ్చే ఒక వైరస్‌లోని ఎంజైము ఆకారం శాస్త్రజ్ఞులకు పదేళ్లకు పైగా అంతు చిక్కలేదు. ఫోల్డిట్ ఆటగాళ్లు మూడు వారాల్లో దాని నమూనా తయారుచేశారు. వాళ్లలో ఎక్కువ మందికి ఆ శాస్త్రంలో చదువు లేదు. 2011లో అచ్చయిన పరిశోధనా వ్యాసంలో శాస్త్రజ్ఞుల పక్కనే ఆటగాళ్ల జట్ల పేర్లూ వేశారు. ఈ ఆట వెనుక ఉన్న డేవిడ్ బేకర్‌కు ప్రోటీన్ల రూపకల్పనకు గాను 2024లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. ఇప్పుడు కంప్యూటర్లే చాలా మడతలను సొంతంగా అంచనా వేయగలుగుతున్నాయి.

ఆట కాస్తా కొరడా అయితే?

ఇదే కిటుకు యజమాని చేతికి వెళితే కథ మారుతుంది. కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో డిస్నీ హోటళ్ల బట్టలు ఉతికే చోట పెద్ద తెరలు పెట్టి, ఎవరు ఎంత వేగంగా పనిచేస్తున్నారో పేర్లతో సహా చూపించారు. వెనుకబడితే అంకె రంగు మారుతుంది. పని వేగం తగ్గుతుందన్న భయంతో కొందరు బాత్రూముకు వెళ్లడం కూడా మానుకున్నారని 2011లో పత్రికల్లో వచ్చింది. ఆ తెరకు కార్మికులు పెట్టుకున్న పేరు 'ఎలక్ట్రానిక్ కొరడా'.

ఇది ఎక్కడో జరిగిన సంగతి అనుకోవడానికి లేదు. పల్లెల నుంచి పట్నాలకు పోయి, మోటారు సైకిళ్ల మీద ఇంటింటికీ భోజనం చేరవేసే కుర్రాళ్ల ఫోన్లలోనూ 'ఇన్ని ఆర్డర్లు పూర్తిచేస్తే ఇంత అదనం' అన్న లక్ష్యాలు మెరుస్తుంటాయి. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ ఎర్ర లైటు దాటే వేళ అది ఆట కాదు.

పాయింట్ల కోసం ఆడేవాడు విసుగు పుడితే లేచిపోగలడు. పొట్ట కోసం పనిచేసేవాడికి ఆ వీలు లేదు. ఆ పిల్లలు పండక్కి ఇంటికి వచ్చినప్పుడు తల్లిదండ్రులు ఎంత సంపాదించావని మాత్రమే కాక, ఆ డబ్బు కోసం రోజుకు ఎన్ని గంటలు బండి మీద ఉంటున్నావని, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరు భరిస్తారని కూడా అడిగి తెలుసుకోవడం మంచిది.