ఓట్ల పునర్లెక్కింపు – న్యాయస్థానాల పాత్ర

ప్రజాస్వామ్యంలో ప్రతి ఓటూ విలువైనదే. 1989 లోక్‌సభ ఎన్నికలలో అనకాపల్లి ఫలితాన్ని 9 ఓట్ల తేడా నిర్ణయించింది. మఠంపల్లి మండలమున్న హుజూర్‌నగర్‌కు పొరుగు నియోజకవర్గమైన కోదాడలో 2018 శాసనసభ ఎన్నికలలో గెలుపోటముల మధ్య అంతరం 756 ఓట్లు. ఇంత స్వల్ప తేడాతో ఓడిన అభ్యర్థికి లెక్కింపుపై సందేహం కలగడం సహజం. అయితే పునర్లెక్కింపునకు ఆ సందేహమొక్కటే చాలునా?

మొదటి అవకాశం లెక్కింపు కేంద్రంలోనే ఉంటుంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళిలోని 63వ నియమం ప్రకారం, ఫలితం ప్రకటించక పూర్వమే అభ్యర్థి గాని, అతని ఏజెంటు గాని కారణాలు చూపుతూ రిటర్నింగ్ అధికారికి లిఖితపూర్వకంగా విన్నవించుకోవచ్చు. అధికారి దానిని అంగీకరించవచ్చు, నిరాధారమైతే తిరస్కరించవచ్చు. నిర్ణయం ఏదైనా కారణాలను నమోదు చేయాలి.

ఫలితం ప్రకటించిన పిమ్మట న్యాయస్థానమే శరణ్యం. శాసనసభ, లోక్‌సభ ఎన్నికల విషయంలో 45 రోజులలోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ దాఖలు చేయాలి. పంచాయతీ ఎన్నికల వివాదాలను ఎన్నికల ట్రిబ్యునల్ విచారిస్తుంది.

న్యాయస్థానం పునర్లెక్కింపునకు తేలికగా ఆదేశించదు. ఓటు రహస్యాన్ని కాపాడటం, ప్రజల తీర్పునకు స్థిరత్వం కల్పించడం ఇందుకు కారణాలు. సుప్రీంకోర్టు 1964లో రామ్ సేవక్ యాదవ్ కేసులో రెండు షరతులు విధించింది. మొదటిది, పిటిషన్‌లో ముఖ్యమైన వాస్తవాలు స్పష్టంగా ఉండాలి. రెండవది, వివాద పరిష్కారానికి బ్యాలెట్ పత్రాల పరిశీలన అవసరమని ప్రాథమికంగా తోచాలి. “లెక్కింపు సక్రమంగా జరగలేదు” అనే సాధారణ ఆరోపణ చాలదు. ఏ బూత్‌లో, ఏ రౌండ్‌లో, ఎన్ని ఓట్లలో పొరపాటు జరిగిందో చెప్పగలగాలి. ఆధారాల కోసం పెట్టెలు తెరిపించడం కాదు, ఆధారాలుంటేనే పెట్టెలు తెరవాలన్నది ఇందలి సారాంశం.

ఆధారం బలంగా ఉన్నపుడు ఫలితమే తారుమారు కావచ్చు. హరియాణాలోని బువానా లాఖు గ్రామంలో 2022 సర్పంచ్ ఎన్నికలో ఒక బూత్‌లో ఇద్దరు అభ్యర్థుల ఓట్లు పరస్పరం మారిపోయాయన్న వివాదం తలెత్తింది. సుప్రీంకోర్టు 2025లో ఓటింగ్ యంత్రాలను తన ప్రాంగణానికి తెప్పించి అన్ని బూత్‌ల ఓట్లను లెక్కింపజేసింది. ఓడినట్లు భావింపబడిన అభ్యర్థి 51 ఓట్ల ఆధిక్యం పొందాడు. కాని అప్పటికి పదవీకాలంలో రెండేళ్లకు పైగా గడిచిపోయింది.

కనుక జాగరూకత పోలింగ్ నాడే ఆరంభం కావాలి. పోలైన ఓట్ల సంఖ్యను తెలిపే 17-సి ఫారం నకలును పోలింగ్ ఏజెంటు తీసుకొని భద్రపరచుకోవాలి. లెక్కింపు నాడు దానితో పోల్చి చూసుకొన్నవాడే న్యాయస్థానంలో సందేహాన్ని కాక సాక్ష్యాన్ని చూపగలడు.