విదేశీ ప్రయాణంలో తాజా పండ్లు: కస్టమ్స్, జీవభద్రత నిబంధనలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• తాజా పండ్లను సరిహద్దుల వద్ద ఎందుకు ఆపుతారో వివరించగలుగుతారు.
• వెల్లడించడానికీ, అనుమతి పొందడానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.
• మన పండ్లు చట్టబద్ధంగా విదేశాలకు చేరే మార్గాన్ని తెలుపగలుగుతారు.

1. పరిచయం

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లల దగ్గరికి బయలుదేరే తల్లిదండ్రులు మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో తక్కువేమీ కాదు. కాలాన్ని బట్టి నాలుగు నల్లగొండ బత్తాయిలో, కొల్లాపూర్ మామిడి పండ్లో, బాలానగర్ సీతాఫలాలో సంచిలో పెట్టుకోవాలనిపించడం సహజం. శంషాబాద్‌లో ఎవరూ ఆపకపోవచ్చు. అసలు తనిఖీ దిగిన దేశంలో ఉంటుంది.

2. పండుతో పాటు ఏం ప్రయాణిస్తుంది?

పండు ఈగ తోలు కింద గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు గుజ్జులో పెరుగుతాయి. మామిడి టెంక పురుగు టెంక లోపలే దాగి ఉంటుంది. పైకి పండు నిగనిగలాడుతూనే ఉంటుంది. కాబట్టి 'శుభ్రంగా కడిగాం' అన్న సమాధానం అధికారికి సరిపోదు.

కరివేపాకు నిమ్మ, బత్తాయిల కుటుంబానికే చెందిన మొక్క. సిట్రస్ సిల్లా అనే రసం పీల్చే పురుగు దీనిపై బతుకుతుంది. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును ఈ పురుగే వ్యాప్తి చేస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో 1998లో ఈ పురుగు, 2005లో ఆ తెగులు బయటపడ్డాయి. 2003-04తో పోలిస్తే అక్కడి నారింజ దిగుబడి ఇప్పుడు 90 శాతానికి పైగా పడిపోయింది. బత్తాయి తోట మీద బతికే రైతుకు ఈ నష్టం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

మనకూ ఇలాంటి అనుభవం ఉంది. మన చేలగట్ల మీద పెరిగే వయ్యారిభామ మెక్సికో, దక్షిణ అమెరికా ప్రాంతాల మొక్క. 1950లలో దిగుమతి అయిన ధాన్యంతో కలిసి వచ్చిందని చెబుతారు.

3. వెల్లడించడం వేరు, అనుమతి వేరు

వెల్లడించడం అంటే 'నా దగ్గర ఇది ఉంది' అని చెప్పడం. అనుమతించాలా వద్దా అన్నది అధికారి నిర్ణయం. అమెరికాలో పండు ఉన్నట్టు ముందే చెబితే, నిషిద్ధమైనదైతే తీసుకుంటారు; జరిమానా ఉండదు. దాచిపెట్టి దొరికితే, సొంత వాడకానికి తెచ్చిన కొద్దిపాటి సరుకైనా, మొదటిసారే 1,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్లు విధిస్తారు. ఆస్ట్రేలియా 2015 జీవభద్రత చట్టం కింద జరిమానా వేస్తుంది. కొన్ని సందర్భాల్లో వీసానూ రద్దు చేయవచ్చు.

విమానంలో తినడానికి ఇచ్చిన ఆపిల్‌కూ ఇవే నియమాలు వర్తిస్తాయి. దిగేలోపు తినేయాలి, లేదా విమానంలోనే వదిలేయాలి. మామిడి ఊరగాయను అమెరికాలో సాధారణంగా అనుమతిస్తారు. అయినా చెప్పడమే క్షేమం.

4. చట్టబద్ధమైన మార్గం

మన మామిడిని అమెరికా చాలా ఏళ్లు రానివ్వలేదు. 2007లో షరతుతో ఒప్పుకొంది: పండ్లకు కనీసం 400 గ్రే మోతాదులో వికిరణ చికిత్స చేయాలి. దీనివల్ల పురుగు వెంటనే చావకపోయినా దాని సంతతి ఆగిపోతుంది. పెట్టెలతో పాటు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ వెళుతుంది. ప్రయాణికుడి సంచిలోని పండుకు ఈ చికిత్స, ఈ పత్రం రెండూ ఉండవు. తేడా అక్కడే ఉంది.

నియమం తప్పితే నష్టం అందరిదీ. మన సరుకులో పండు ఈగల వంటివి పదేపదే కనిపించడంతో యూరోపియన్ యూనియన్ 2014 మే 1 నుంచి మన మామిడిని, మరి కొన్ని కూరగాయలను ఆపింది. మామిడిపై నిషేధాన్ని 2015లో ఎత్తివేసింది.

మన దేశంలోనూ 1914 నాటి చట్టం, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు అమలులో ఉన్నాయి. తిరిగివచ్చేటప్పుడు విదేశీ మొక్కలను, విత్తనాలను అనుమతి లేకుండా తేకూడదు.

5. సారాంశం

ఒక దేశానికి పండు ఆహారం. మరో దేశానికి అదే పురుగునో, తెగులునో మోసుకొచ్చే వాహనం. ప్రయాణానికి ముందు ఆ దేశపు నిబంధనలు చూసుకోండి. సందేహం ఉంటే పండును ఇంట్లోనే వదలండి. తీసుకువెళితే తప్పక వెల్లడించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కడిగిన పండును కూడా అధికారి ఎందుకు అనుమతించడు?
2. కరివేపాకుకు, బత్తాయి తోటలకు గల సంబంధం ఏమిటి?
3. మీ బంధువులు అమెరికా వెళుతున్నారు. వారి సంచిలో ఊరగాయ, కరివేపాకు, రెండు మామిడి పండ్లు ఉన్నాయి. ఒక్కొక్కదాని గురించి ఏమి సలహా ఇస్తారు?