మూడంగుళాల టెలిస్కోపులో ఆదోని ఆకాశం

పెళ్లిలో మాంగల్యధారణ అయ్యాక పురోహితుడు కొత్త జంటను బయటికి తీసుకొచ్చి అరుంధతిని చూపిస్తాడు. పగటి ముహూర్తమైతే చుక్క కనిపించదు, ఆ దిక్కుకు దండం పెట్టి లోపలికి వస్తారు. నిజంగా చూడాలంటే చైత్ర వైశాఖ మాసాల్లో రాత్రి తొమ్మిది దాటాక ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో మిద్దె ఎక్కి ఉత్తరానికి తిరిగితే చాలు, సప్తర్షి మండలం బాగా పైకి వచ్చి ఉంటుంది. చివరి మూడు చుక్కల్లో నడిమిది వసిష్ఠుడు. పక్కనే మసగ్గా ఉన్నది అరుంధతి. కంటికి ఇంతవరకే. ఒక చిన్న టెలిస్కోపును అటు తిప్పి యాభై రెట్లు పెద్దది చేసి చూస్తే వసిష్ఠుడే రెండు చుక్కలుగా విడిపోతాడు! గెలీలియో శిష్యుడు కాస్టెల్లి 1617లోనే ఈ జంటను గమనించాడు. ఆ రెండు చుక్కల్లో ఒక్కొక్కటీ మళ్లీ జంటేననీ, అరుంధతి కూడా జంటేననీ తర్వాతి పరిశోధనల్లో తేలింది. అంటే దండం అందుకుంటున్నది ఆరు నక్షత్రాలు, సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ముందు అద్దం 70 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడంగుళాలు ఉంటే మొదలుపెట్టవచ్చు. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప 7 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ లెక్కన ఇంత చిన్న టెలిస్కోపు కూడా కంటికన్నా నూరు రెట్ల వెలుతురు పోగుచేస్తుంది. అసలు బలం అదే. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేసే "500 రెట్లు" అనే మాటను నమ్మకూడదు. అద్దం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు, అంటే 70కి 140 రెట్లు, అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి. ఆపైన బొమ్మ పెద్దదవుతుంది గానీ మసకబారుతుంది. కొనేటప్పుడు రెట్ల కన్నా స్టాండును చూడాలి. చెయ్యి తగలగానే ఊగే స్టాండు మీద ఎంత మంచి అద్దమున్నా వృథా.

చిన్న పరికరంతో ఒరిగేదేముంది అనే సందేహానికి విశాఖపట్నం ఎప్పుడో జవాబు చెప్పింది. 1840లో గోడే వెంకట జగ్గారావు అక్కడ తన ఇంటి ఆవరణలోనే 4.8 అంగుళాల టెలిస్కోపుతో వేధశాల పెట్టుకున్నాడు. ఆయన తర్వాత దాన్ని నడిపిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరులో సూర్యుడి ముందు నుంచి శుక్రుడు దాటిపోవడాన్ని గమనించి నమోదు చేశాడు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ను సభ్యుడిగా తీసుకుంది. అంతటి పరికరం ఈనాడు మధ్యతరగతి ఇంటికి అందనిదేమీ కాదు.

మొదటి రాత్రి చంద్రుడితోనే మొదలుపెట్టాలి. అయితే పౌర్ణమి నాడు కాదు. ఆ రోజు ఎండ నిట్టనిలువుగా పడి నీడలు ఉండవు, నేలంతా చదునుగా తెల్లగా కనిపిస్తుంది. శుక్ల పక్షంలో పంచమి నుంచి దశమి వరకు వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి చూడాలి. అక్కడ గోతుల అంచులు మెరుస్తూ, లోపల నీడ నల్లగా నిండి ఉంటుంది. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులకు కోపర్నికస్ అనే గొయ్యి బయటపడుతుంది. దాని అడ్డకొలత 93 కిలోమీటర్లు. అంటే ఆదోని నుంచి ఎమ్మిగనూరు మీదుగా దాదాపు కర్నూలు వరకు ఒకే గొయ్యి! గంట సేపు అక్కడే నిలబడితే నీడలు జరగడం కూడా తెలుస్తుంది. ఇంట్లో క్యాలెండరు మీది తిథి కన్నా మంచి సూచిక చంద్రుణ్ని చూసేవాళ్లకు మరొకటి లేదు.

గురుడు, శని తర్వాత. గురుడి పక్కన వరుసగా కనిపించే నాలుగు చుక్కలు దాని చంద్రులు, 1610 జనవరిలో గెలీలియో చూసినవి. లోపలిదైన అయో నలభై రెండున్నర గంటల్లో ఒక చుట్టు తిరిగేస్తుంది. అందుకే సాయంత్రం వేసుకున్న బొమ్మకూ అర్ధరాత్రి వేసుకున్న బొమ్మకూ తేడా ఉంటుంది. ఒక నోటుపుస్తకం పెట్టుకుని రోజూ ఆ నాలుగింటి చోట్లు గుర్తించుకుంటే, భూమి చుట్టూనే అన్నీ తిరుగుతాయన్న నమ్మకాన్ని కదిలించిన సాక్ష్యం సొంత చేతిరాతలో దొరుకుతుంది. ఇక్కడ అక్షాంశం కలిసొస్తుంది. ఆదోని 15.6 డిగ్రీల ఉత్తరాన ఉంది కాబట్టి మిథున, కర్కాటక రాశుల్లో ఉన్న ఏళ్లలో గురుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. అడుగునున్న మందపు గాలి అడ్డుపడదు.

శని ఉంగరాలు 2025 మార్చిలో మనవైపు అంచు తిప్పి సన్నటి గీతగా మారాయి. ఇప్పుడు మళ్లీ విచ్చుకుంటున్నాయి, 2032 నాటికి బాగా వెడల్పవుతాయి.

ఒక హెచ్చరిక. సూర్యుడి వైపు టెలిస్కోపును, దాని మీది చిన్న గురి గొట్టాన్ని కూడా, తిప్పనే కూడదు. ముందు అద్దానికి సరైన సౌర ఫిల్టరు బిగించకుండా చూస్తే రెప్పపాటులో కన్ను పోతుంది. పిల్లలున్న ఇంట్లో పగలు దాన్ని మూతపెట్టి దాచాలి.

చోటు సంగతికొస్తే, మిద్దె అందుబాటులో ఉన్నదే గానీ ఎండాకాలం అది మంచిది కాదు. పగలంతా కాగిన బండలు అర్ధరాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటాయి, ఆ వేడిగాలిలో గ్రహం వణుకుతుంది. అందుకని అప్పుడు నేల మీద, మట్టి పొలంలో నిలబడటమే మేలు. పత్తి సీజన్‌లో జిన్నింగు మిల్లుల దీపాలు, బజారు వెలుగు దాటుకుని రెండు పట్టణాల మధ్య నల్లరేగడి పొలాల్లోకి పోతే ఆకాశం నాలుగు వైపులా నేల దాకా దిగుతుంది. కొండలు, చెట్లు అడ్డం లేని ఈ బయలే పడమటి కర్నూలుకున్న ఆస్తి. వానలు తక్కువ కావడం రైతుకు ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. చుక్కలు చూసేవాళ్లకు మాత్రం నవంబరు నుంచి మే దాకా తెరిపి రాత్రులు దండిగా దొరుకుతాయి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. ఈలోగా ఒక్కసారి సెల్‌ఫోన్ తెరిస్తే మళ్లీ మొదటికే. టార్చికి ఎర్రటి కాగితం చుట్టుకుని పోవాలి.

చలికాలపు అమావాస్య రాత్రి అక్కడ మృగశిర పక్కన వరుస మూడు చుక్కల కింద సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరాన ఓరియన్ నెబ్యులా బూడిదరంగు పొగలా కనిపిస్తుంది. కొత్త నక్షత్రాలు పుడుతున్న చోటది. పుస్తకాల్లోని ఎరుపు, నీలి రంగులు కంటికి కనిపించవు. అవి కెమెరా ఎక్కువసేపు వెలుతురు పట్టి తీసినవి. ఈ సంగతి ముందే తెలిస్తే నిరాశ ఉండదు. కృత్తికలకు తక్కువ రెట్లే అందం.

అన్నిటికన్నా విలువైనవి దక్షిణాన ఉన్నాయి. మే నెలలో రాత్రి పది గంటల ప్రాంతంలో దిగంతానికి 27 డిగ్రీల ఎత్తున ఒమేగా సెంటారీ నిలుస్తుంది. అది సుమారు కోటి నక్షత్రాల గుంపు. మూడంగుళాల టెలిస్కోపులో మసక ఉండలా ఉన్నా, కాసేపు నిదానంగా చూస్తే అంచుల్లో రవ్వలు తేలుతాయి. లండన్ వాళ్లకు అది ఉదయించనే ఉదయించదు. మరో గంటకు ఇంకా కిందుగా ఆల్ఫా సెంటారీ వస్తుంది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్ర కుటుంబం అది, నాలుగు కాంతి సంవత్సరాలకు కొంచెం పైన. అది ఒకటి కాదు రెండని 1689 డిసెంబరులో కనుక్కున్నది జెస్యూట్ మతగురువు జాన్ రిషో, అదీ మన పొరుగున పుదుచ్చేరి నుంచి, ఒక తోకచుక్కను గమనిస్తూ. వేసవి దుమ్ము దిగంతాన్ని కప్పేస్తుంది కాబట్టి ముంగారుకు ముందు ఒక జల్లు పడి వెలిసిన రాత్రి కోసం కాచుకోవాలి. 2016 ప్రాంతంలో బాగా దగ్గరగా కనిపించిన ఆ రెండు చుక్కలు అప్పటినుంచి ఎడం పెంచుకుంటున్నాయి. వాటిని చిన్న టెలిస్కోపుతో విడదీసి చూడటానికి ఈ దశాబ్దం చివరి వేసవులు బాగా అనువైనవి.