ఆ నలుగురి రెండో మాట

అమెరికా కంట్రీ సంగీతంలో ఎవరికి వారే దిగ్గజాలు జానీ క్యాష్, వేలన్ జెన్నింగ్స్, విల్లీ నెల్సన్, క్రిస్ క్రిస్టాఫర్సన్. 1985లో నలుగురూ కలిసి పాడిన 'హైవేమ్యాన్' బిల్‌బోర్డ్ కంట్రీ జాబితాలో అగ్రస్థానం అందుకుంది. 1990లో వచ్చిన 'హైవేమ్యాన్ 2'కు ఆ యోగం పట్టలేదు. అందులోని 'సిల్వర్ స్టాలియన్' 25వ స్థానంతో సరిపెట్టుకుంది.

శ్రోతలదీ భిన్నాభిప్రాయమే. జిమ్మీ వెబ్ రాసిన తొలి పాటకు సాటివచ్చేది ఇందులో లేదన్నది ఒక వర్గం ఫిర్యాదు. తలో చరణం అందుకునే 'అమెరికన్ రిమెయిన్స్' పాత బాణీకి నకలేనని వారి వాదన. రెండో వర్గానికి అదే ఆల్బమ్‌కు ప్రాణం. రైతు, ఆదివాసీల గోడు అందులో వినిపిస్తుంది. పైగా ఈసారి సగానికి పైగా పాటల్లో వాళ్ల సొంత కలం ఉంది.

జెన్నింగ్స్ 2002లో, క్యాష్ 2003లో, క్రిస్టాఫర్సన్ 2024లో కన్నుమూశారు. కలిసి చేసిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే. అందుకే రెండోదాన్ని తీసిపారేయడం అభిమానులకు అంత తేలిక కాదు.