అరువు మాటలు బరువు చేటు!

చేతికొచ్చిన పంటను ఎవరో రాత్రికి రాత్రి కోసుకుపోతే ఊరు ఊరుకోదు. పంచాయతీ పెడుతుంది. మరి ఒకరు ఏళ్ళ తరబడి శ్రమపడి రాసినదాన్ని ఇంకొకరు తన పేరు పెట్టుకుని ఇస్తే? అదీ దొంగతనమే. దానికి గ్రంథచౌర్యమని పేరు. విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడు దీనికీ విచారణ ఉంది, శిక్షా ఉంది.

పల్లెల నుంచి వెళ్ళి ఎమ్మే, పిహెచ్‌.డి. చేస్తున్న పిల్లలు కొందరు తెలిసీ తెలియక ఈ గోతిలో పడుతున్నారు. ఎక్కువగా కాలు జారేది 'పూర్వ పరిశోధనల సమీక్ష' అనే అధ్యాయం దగ్గర.

ఏమిటీ సమీక్ష?

ఒక విషయంపై పరిశోధన మొదలుపెట్టేవారు అంతకుముందు దాని గురించి ఎవరెవరు ఏం చెప్పారో చూడాలి. అనంతపురం జిల్లా వేరుశనగ రైతుల అప్పులపై ఒక విద్యార్థి పరిశోధన చేస్తున్నాడనుకుందాం. వానలు తప్పడమే కారణమని ఒకరు రాసి ఉండవచ్చు. బోర్ల ఖర్చే ముంచిందని మరొకరు రాసి ఉండవచ్చు. ఇద్దరి మాటా పక్కపక్కన పెట్టి, ఎవరి లెక్క ఎక్కడ నిలిచింది, ఇద్దరూ చూడనిది ఏమిటి అని తేల్చాలి. కౌలురైతు గోడు ఎవరూ పట్టించుకోలేదని తేలిందా, విద్యార్థి పని అక్కడే మొదలవుతుంది.

'ఎలాగూ ఇతరులు చెప్పినవే కదా, ఉన్నవి ఉన్నట్టు దించేస్తే పోలా?' అనుకోవడంలోనే పొరపాటంతా ఉంది. మాటలు దించవచ్చు గాని, తూచే పని దించడం కుదరదు. అది లేకపోతే తన పరిశోధన ఎందుకో విద్యార్థికే తెలియదు.

ఎందుకు దించుతున్నారు?

తెలుగు మీడియంలో చదివి వచ్చినవారికి ఇంగ్లీషులో యాభై పేజీలు రాయడం గండమే. చూస్తుండగానే గడువు దగ్గరపడుతుంది. ఎలా రాయాలో చెప్పేవారుండరు. ఇంటర్నెట్‌లో సాయం అడిగితే, డబ్బిస్తే మొత్తం రాసిస్తామనేవారు తగులుతారు. వారు ఒకరికి రాసిందే పదిమందికీ అమ్మవచ్చు. ఇక అడగ్గానే రాసిపెట్టే కృత్రిమ మేధ యంత్రాలు ఒక్కోసారి లేని పుస్తకానికి పేరుపెట్టి, లేని రచయితను పుట్టిస్తాయి. చివరకు సంతకం పెట్టేది మాత్రం విద్యార్థే.

పట్టుబడితే?

కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో ఉంది. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 'శోధ్‌గంగ' పేరిట దేశంలోని పిహెచ్‌.డి. గ్రంథాలను ఒకచోట చేర్చి, అందరూ చదవడానికి పెట్టింది. కాబట్టి పాత గ్రంథం నుంచి దించినా దాగదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యుజిసి) 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. అది దాటి 40 శాతం వరకు ఉంటే, ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం వరకు ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతిని ఇవ్వనివ్వరు. 60 శాతం దాటితే నమోదే రద్దు. పట్టా చేతికొచ్చాక బయటపడినా దాన్ని కొంతకాలం నిలిపివేయవచ్చు.

క్లాసులో ఇచ్చే అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు రిపోర్టులు ఈ నిబంధనల కిందికి రావు. వాటిని ఆయా కాలేజీలే చూసుకోవాలి. అయితే దించే అలవాటు మొదలయ్యేది అక్కడే.

సాయం అడగడం తప్పా?

కానే కాదు. ఏ పుస్తకాలు చదవాలి, ఎక్కడ దొరుకుతాయి, రాసింది సరిగా ఉందా అని గురువునో, లైబ్రేరియన్‌నో, పై తరగతి వారినో అడగవచ్చు. చేబదులు తీసుకుంటే ఎవరి దగ్గర ఎంత తెచ్చామో చెప్పుకోవడం మర్యాద. రాతలోనూ అంతే. ఒకరి వాక్యాన్ని అలాగే వాడితే కొటేషన్ గుర్తుల్లో పెట్టి పేరు చెప్పాలి. మాటలు మార్చి రాసినా, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చుకున్నా ఆలోచన ఎవరిదో చెప్పాలి.

ఇంగ్లీషు కష్టమనుకునేవారికి ఒక దారి ఉంది. చదివాక పుస్తకం మూసి, అర్థమైనదాన్ని తెలుగులో నాలుగు ముక్కలు రాసుకోవాలి. రచయిత పేరు, పేజీ నంబరు పక్కనే వేసుకోవాలి. ఆ తర్వాత ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు. భాష కాస్త తడబడినా దిద్దుకోవచ్చు.

తల్లిదండ్రులు చదువుకోకపోయినా పిల్లల్ని ఒక మాట అడగవచ్చు: 'ఇదివరకు వాళ్ళేం చెప్పారు? నువ్వు కొత్తగా ఏం చూడబోతున్నావు?' ఇంటి తెలుగులో జవాబు వచ్చిందంటే ఆ సమీక్ష సొంతంగా రాసిందే అనుకోవచ్చు. నీళ్ళు నమిలితే మాత్రం గడువు ఉండగానే మళ్ళీ పుస్తకం తెరవమని చెప్పాలి.