రాజుగారి ముఖాన చిలుము

*తాతల నాటి రూపాయి దోహా అలమరాలో పచ్చబడితే నేరం ఎవరిది? వయసుదా, వాతావరణానిదా, మన చేతిదా?*

ఆరో జార్జి బొమ్మ ఉన్న 1942 రూపాయి. రాజుగారి చెంప మీద పచ్చటి మచ్చ, చెవి దగ్గర వేలికి అంటుకునే జిగట. ఊళ్లో ట్రంకు పెట్టె అడుగున దశాబ్దాలపాటు నిక్షేపంగా ఉన్న నాణెం దోహాలోని మదీనత్ ఖలీఫా ఫ్లాటుకు వచ్చిన కొన్నేళ్లకే ఇలా తయారైతే ఇంట్లో మొదట వచ్చే మాట ఒకటే: ‘‘వెండికి చిలుము పడుతుందా? ఇది దొంగ నాణెం!’’

కానే కాదు. విక్టోరియా నుంచి ఐదో జార్జి దాకా మన రూపాయిలో 91.7 శాతం వెండి ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం వెండికి కరువు తెచ్చింది. 1940 నుంచి అందులో సగమే వెండి; మిగతాది 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు. బరువు మాత్రం అదే, 11.66 గ్రాములు. పాత రూపాయి సాధారణంగా నల్లబడుతుంది. గాలిలోని గంధకం, రబ్బరు బ్యాండు, చౌకరకం అట్టపెట్టె, ఏదైనా చాలు దానికి. యుద్ధకాలపు రూపాయిలో రాగి ఎక్కువ కాబట్టి పచ్చబడుతుంది. 1947 రూపాయిలో వెండి చుక్క కూడా లేదు, అంతా నికెలే. అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. అందుకని మచ్చ చూసే ముందు ఏడాది చూడాలి.

నిజానికి ఈ నాణెం ఖతార్‌కు కొత్తేమీ కాదు. ఒకప్పుడు ఇక్కడ ముత్యాల బేరాలు నడిచింది మన రూపాయల్లోనే. బంగారం దొంగరవాణాకు కళ్లెం వేయడానికి 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే నోట్లు అచ్చువేసింది. 1966 జూన్‌లో ఢిల్లీ రూపాయి విలువ తగ్గించాక ఖతార్, దుబాయ్ కలిసి సొంత రియాల్ తెచ్చుకున్నాయి. పరుగెత్తే జింక బొమ్మతో వచ్చిన ఆనాటి కంచు దిర్హమ్‌లకూ మన చిల్లుకాణీలకూ పట్టే జబ్బు ఒకటే.

మళ్లీ మన రూపాయి దగ్గరకు వద్దాం. జిగటగా, గడ్డిరంగులో, ఆల్బమ్ కవరు తగిలినచోటే గీతలా ఉందంటే ముద్దాయి ఆ కవరే. మెత్తగా ఉండి, కొత్త రెయిన్‌కోటు వాసన వేసే పీవీసీ కవర్లు వేడికి క్రమంగా చెడిపోయి ఆమ్లాన్ని వదులుతాయి. అది నాణెంలోని రాగిని పట్టుకుంటుంది. సెలవులకు ఊరెళుతూ ఏసీ కట్టేసి, తలుపులు బిడాయించి వెళ్లిన ఫ్లాటును ఊహించుకోండి. బయట ఎండ 45 డిగ్రీలు దాటే రోజులవి. ఊళ్లో పదిహేనేళ్లలో జరిగే చెరుపు ఇక్కడ ఎంత త్వరగా జరుగుతుందో వేరే చెప్పాలా? దీనికి మందుంది. స్వచ్ఛమైన ఎసిటోన్‌లో నాణేన్ని కాసేపు ముంచి తీస్తే జిగట కరిగిపోతుంది, లోహానికి ఏమీ కాదు. కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చేయాలి. గోళ్లరంగు తుడిచే సీసా పనికిరాదు, అందులో నూనెలూ సువాసనలూ కలుపుతారు.

పొడిపొడిగా, లేతపచ్చగా ఉంటే అది వేరే కథ. పుల్లతో గీకితే రాలుతుంది, కొన్నాళ్లకు మళ్లీ పుడుతుంది. సముద్రపు గాలిలోని ఉప్పు, చేతి చెమటలోని ఉప్పు రాగి లోపలికి చేరి తేమ తగిలినప్పుడల్లా ఆమ్లం పుట్టిస్తుంది. ఆ ఆమ్లం మరికొంత రాగిని తింటుంది. కంచు రోగమంటే ఇదే. ఆగస్టు, సెప్టెంబరుల్లో దోహా గాలి చెమ్మగిల్లి ఉంటుంది. ఏసీకి చల్లబడిన నాణెం ఆ గాలి సోకగానే చెమర్చుతుంది, రోగానికి అంతకన్నా ఏం కావాలి? ఇలాంటిదాన్ని తక్కినవాటి నుంచి విడదీసి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టాలి. గట్టిగా, నున్నగా, ముదురు రంగులో ఉన్న చిలుమైతే మాత్రం దాని జోలికి పోవద్దు. అది నాణేనికి కవచం.

వాతావరణాన్ని ఎంత తిట్టినా, భూతద్దం కింద ఎక్కువగా దొరికేది మన చేతి నిర్వాకమే. వరలక్ష్మీ వ్రతం కలశంలో వేసి, పసుపు కుంకుమలు అంటాయని చింతపండుతో తోమి, విభూతితో మెరుగుపెట్టిన రూపాయిని చూడండి. రాజుగారి బుగ్గ నిండా వెంట్రుకల్లాంటి గీతలు. పులుపు పైనున్న రాగిని లాగేస్తే మిగిలేది నిర్జీవమైన తెలుపు. చిలుమును ఆపవచ్చు కానీ తోమి పోగొట్టిన పైపొరను ఎవరూ తిరిగి తేలేరు. ధరను అందరికన్నా ఎక్కువగా చెడగొట్టేది ఈ శుభ్రతే. పైన అంచు దగ్గర మచ్చ ఉంటే ఒకప్పుడు కొక్కెం అతికించి మెడలో వేసుకున్నారన్నమాట. మొగలాయీ రూపాయిల మీది గంట్లు వెండిని పరీక్షించిన షరాబులవి. అల్యూమినియం పైసలు తెల్లగా పొడి రాలుతుంటే అమ్మమ్మ తాంబూలపు పెట్టెను అనుమానించండి. సున్నం అల్యూమినియాన్ని తినేస్తుంది.

టంకశాల తప్పుకూ తర్వాతి దెబ్బకూ తేడా తెలియడానికి ఒక సులువైన గుర్తు: గీత పైకి పొంగి ఉంటే చాలావరకు అచ్చు పగిలిందని, లోపలికి దిగి ఉంటే తర్వాత ఏదో తగిలిందని. ఒళ్లంతా సన్నటి గుంటలుండి, అంచు చుట్టూ అతుకు గీత కనిపించి, బరువు కూడా తేడా వస్తే, అప్పుడు అనండి దొంగ నాణెమని.

చివరగా ఒక హెచ్చరిక. నూరేళ్లు నిండిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువే, దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. 1942 రూపాయికి ఇంకా ఆ వయసు రాలేదు. విక్టోరియా రాణి రూపాయిలకు ఎప్పుడో వచ్చింది. వాటిని ఊళ్లోనే ఉంచి, ఫొటోలు మాత్రం తెప్పించుకోండి. ఫొటో తీసే ముందు తోమవద్దని ఇంట్లోవాళ్లకు మరీ మరీ చెప్పండి.